ఐదు నెలలు దాచిన బేరికాయ మాగడం లేదు. ఏం చేయాలి?

పండ్లమండీ_తిరుపతి (జనవరి 4, రాత్రి 11:10)

నమస్కారం. తిరుపతిలో మాది పండ్ల మండీ. నాన్న నాటి నుంచి మామిడి, బత్తాయి, అరటి చూస్తున్నాం. ఆ మూడింటి గురించి నిద్రలో లేపి అడిగినా చెబుతాను. బేరికాయ దగ్గర మాత్రం నా చదువు చాలలేదు.

ఆగస్టు చివరి వారంలో కశ్మీరు బేరికాయ దించాను, లారీలో ఆరు రోజుల ప్రయాణం. ఉత్తరాది మండీల్లో బగ్గుగోషా అంటారే, ఆ మెడ ఉన్న రకం. పది కిలోల పెట్టెలు 140. అందులో 70 మామూలు సరుకు. మిగతా 70 పెట్టెలకు ఎక్కువ ధర పెట్టాను. "కోసిన వారంలోపే గ్యాస్ గదిలో పెట్టిన సరుకు, సంక్రాంతి దాకా కదలదు" అని ఏజెంటు చెప్పాడు. నాకు కావలసిందీ అదే. ఆగస్టులో కొని వైకుంఠ ఏకాదశి నుంచి సంక్రాంతి దాకా కొండకు వచ్చే జనానికి అమ్మాలన్నది లెక్క. ఆ రోజుల్లో దొరికేది ఎక్కువగా విదేశీ సరుకు. దాని ధర వినగానే కొనేవాళ్లు అరటి గెల వైపు తిరుగుతారు.

సరుకంతా రేణిగుంట రోడ్డులో అద్దె చల్లగదిలో పెట్టాను. 4 డిగ్రీలు. అదే గదిలో ఒక మూల యాపిల్ పెట్టెలు, గోడకు అవతల అరటి మాగబెట్టే ఛాంబర్ ఉన్నాయి.

మామూలు పెట్టెలు దసరా దాకా బాగున్నాయి, 31 అమ్ముడుపోయాయి. నవంబరు రెండో వారంలో ఒక చిల్లర వ్యాపారి కాయ తెచ్చి నా బల్ల మీదే కోశాడు. పైకి పసుపుగా పెళ్లికూతురిలా ఉంది. లోపల గింజల చుట్టూ తడిసిన బెల్లం రంగు. ఇంకో పది కోశాం. ఏడింటిలో అదే. మిగిలిన 39 పెట్టెల్లో చాలావరకు పారబోశాను, కొన్ని ఇంకా పడి ఉన్నాయి.

గ్యాస్ గది సరుకుది వేరే బాధ. డిసెంబరు 20న ఐదు పెట్టెలు తీశాను. ఆగస్టులో దించిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, ఆకుపచ్చగా, రాయిలా. మొదట సంతోషించాను. అంగట్లో తొమ్మిది రోజులు చూశాను. గోరు దిగలేదు. తొక్క మాత్రం మెడ దగ్గర ముడతలు పడింది. కొరికితే పచ్చి సొరకాయ ముక్క నమిలినట్టుంది. కొన్నవాళ్లలో ఒకాయన తిరిగి వచ్చి, కాయను తూకంరాయి పక్కన పెట్టి, "రెండిట్లో ఏది పండో చెప్పండి" అన్నాడు. డబ్బులు వాపసు ఇచ్చాను.

వైకుంఠ ద్వార దర్శనాలు నడుస్తున్నాయి, ఊరంతా జనం. నా దగ్గర అంగట్లో మిగిలినవి పోగా 65 పెట్టెలు కదలకుండా ఉన్నాయి. అరటికి పెట్టినట్టు ఇథిలీన్ (మాగబెట్టే గ్యాస్) పెడితే మాగుతాయా? కార్బైడ్ మాట మాత్రం ఎత్తకండి, అది నిషేధం, మా అంగడి గడప తొక్కదు. మామూలు సరుకు లోపల ఎందుకు చెడింది? కాల్షియం నీళ్లలో ముంచి ఉండాల్సింది అని ఒకరు, మైనం పూయాల్సింది అని మరొకరు అంటున్నారు. మెత్తబడిన కాయలు జ్యూసు బండ్లకు ఇచ్చేయవచ్చా? తెలిసినవారు చెప్పండి.

---

తోటబడి_చంద్రగిరి (జనవరి 5, ఉదయం 6:35)

బేరికాయ గురించి తిరుపతి నుంచి ఒకరు అడుగుతారని కలలో కూడా అనుకోలేదు. పీజీ రోజుల్లో రెండేళ్లు లూధియానాలో ఈ కాయతోనే కాపురం చేశాను. ఇప్పుడు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ప్రయోగశాలలో ఉద్యోగం, తోతాపురి తప్ప వేరే పండు పేరు వినేవారు లేరు. అందుకని పొడుగ్గా రాస్తాను, భరించండి.

మీరు మామిడి మనిషి, అక్కడి నుంచే మొదలుపెడదాం. ముదిరిన మామిడికాయను గడ్డిలో పెడితే మాగుతుంది, మరీ చల్లని గదిలో పెడితే పాడవుతుంది. బేరికాయ తీరు దీనికి తలకిందులు. చెట్టు మీద పండనిస్తే గింజల దగ్గర ముందు మెత్తబడి, పిండిపిండిగా తయారవుతుంది. అందుకే గట్టిగా ఉండగానే కోస్తారు. కోశాక సవ్యంగా మాగాలంటే కొన్నాళ్లు చలి తగలాలి. ఆ చలిలోనే కాయ సొంతంగా ఇథిలీన్ తయారుచేసుకునే శక్తి తెచ్చుకుంటుంది. మీ బగ్గుగోషాను బయటి దేశాల్లో బార్ట్‌లెట్ అనీ విలియమ్స్ అనీ అంటారు. దానికి రెండు మూడు వారాల చలి చాలు. అమెరికాలో ఎక్కువగా దాచే ఆంజూ రకానికి రెండు నెలలు పడుతుంది.

ఇక గ్యాస్ గది సంగతి. మీ ఏజెంటు చెప్పింది వన్-ఎంసీపీ అనే వాయువు గురించి అయి ఉంటుంది. అమెరికాలోని నార్త్ కరొలైనా స్టేట్ విశ్వవిద్యాలయంలో కనిపెట్టారు, 1996లో పేటెంట్ వచ్చింది. గాలి బయటికి పోని గదిలో ఒక పూట నుంచి ఒక రోజు దాకా కాయలకు తగలనిస్తారు. అది చేసే పని చెప్పాలంటే మన బస్టాండుకు వెళ్లాలి. బస్సు ఆగకముందే కిటికీలోంచి కండువా వేసి సీటు ఆపుతారు చూడండి, అదే. కాయ కణాల్లో ఇథిలీన్ వచ్చి కూర్చోవలసిన సీట్లు ఉంటాయి. ఇథిలీన్ కూర్చుంటేనే మాగడం మొదలవుతుంది. వన్-ఎంసీపీ ముందే వెళ్లి ఆ సీట్ల మీద కండువా వేస్తుంది, ఇక తీయదు. తర్వాత ఎంత ఇథిలీన్ వచ్చినా నిలబడాల్సిందే.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు జవాబు: ఇప్పుడు ఇథిలీన్ పెట్టి లాభం లేదు. సిలిండరు ఖర్చు మిగుల్చుకోండి.

యాపిల్‌కు ఈ వాయువు వరమే. కరకరలాడుతూ ఉండటమే దానికి కావాలి, మెత్తబడకపోతే ఎవరూ ఏడవరు. బేరికాయ కొనేది మెత్తబడి, రసం మోచేతి దాకా కారితే తినడానికి. గట్టిగా నిలబెట్టడం ఇక్కడ సగం పనే, అమ్మే వారంలో అది కదలాలి కూడా. అందుకే మోతాదు దగ్గర జాగ్రత్త. యాపిల్‌కు గాలిలో వంద కోట్ల వంతులకు సుమారు వెయ్యి వంతులు వాడతారు. బేరికాయకు 300 వాడితేనే కొన్ని లాట్లు నెలల తరబడి పచ్చిగా ఉండిపోయాయి. ఇంకా తక్కువ మోతాదుల మీదా, వన్-ఎంసీపీతో పాటే కాస్త ఇథిలీన్ కలిపి పెట్టడం మీదా పరిశోధనలు జరిగింది ఈ బాధ పడలేకే. మీ సరుకుకు ఎంత మోతాదు పడిందో ఏజెంటును అడిగి చూడండి. యాపిల్ గదిలోనే వీటినీ తోసి ఉంటే నాకేమీ ఆశ్చర్యం లేదు.

దారి లేదా అంటే ఉంది. కాయ బతికే ఉంది, కొత్త సీట్లు తయారుచేసుకోగలదు. దానికి కాస్త వెచ్చదనం, చాలా ఓపిక కావాలి. ఇలా మొండికేసిన బార్ట్‌లెట్, ఆంజూ కాయలను దాచిన తర్వాత 10 నుంచి 20 డిగ్రీల మధ్య 10 నుంచి 20 రోజులు ఉంచితే మళ్లీ మెత్తబడ్డాయని పరీక్షల్లో తేలింది. మీరు 15 డిగ్రీల దగ్గర పెట్టండి. మెడ మెత్తబడటం మొదలయ్యాక 20కి మార్చండి. అంగట్లో తొమ్మిది రోజులు పెట్టి చూశానన్నారు కానీ మీ రేకుల కప్పు కింద మధ్యాహ్నం 30 దాటుతుంది. ఆ వేడిలో మందు తగలని బార్ట్‌లెట్ కూడా సరిగా మాగదు, ముడతలు పడుతుంది, లేదంటే కుళ్లుతుంది. మామిడికి నచ్చే వేడి దీనికి పడదు.

మామూలు లాటు గురించి చెప్పేముందు మీరు ఒక పని చేయాలి. మిగిలిన కాయను నిలువుగా కోసి చూసి రాయండి: గోధుమరంగు భాగం తడిగా, మెత్తగా ఉందా, పొడిగా ఉండి మధ్యలో చిన్న చిన్న గుల్లలు ఉన్నాయా? తడిగా ఉంటే ముసలితనం. పొడి గుల్లలుంటే బొగ్గుపులుసు గాలి (కార్బన్ డయాక్సైడ్) దెబ్బ. పెట్టె లోపలి ప్లాస్టిక్ సంచీ మూతి బిగించి కడితే కాయ విడిచిన గాలి అక్కడే చేరుతుంది. బేరికాయ దాన్ని యాపిల్ అంత కూడా ఓర్చుకోదు.

కాల్షియం మాట పూర్తిగా కొట్టిపారేయను. లూధియానాలో పత్తర్‌నాఖ్ మీద ఆ పరీక్షలు జరిగాయి. పేరులోనే రాయి ఉంది, పంటి కింద ఇసుకలా తగిలే రకం. 4 శాతం కాల్షియం క్లోరైడ్ నీళ్లలో ముంచి, 0 నుంచి 1 డిగ్రీ దగ్గర 75 రోజుల దాకా బాగా నిలబెట్టారు. కాల్షియం కణాల గోడలను గట్టి పరుస్తుంది, లోపలి గోధుమరంగును వెనక్కు నెడుతుంది. అయితే అది కోసిన వెంటనే చేసే పని. ఆరు రోజులు లారీలో ఊగి తిరుపతి చేరిన కాయకు మీరు పెట్టే స్నానం వల్ల లాభం తక్కువ, నష్టం ఎక్కువ. మోతాదు మించితే తొక్క మీద నల్లటి చుక్కలు కూడా పడతాయి. మైనమూ అంతే. పలచగా పూస్తే తూకం నిలుస్తుంది, మందంగా పూస్తే కాయకు ఊపిరాడక లోపల సారా వాసన పుడుతుంది.

తొక్క మీద గోధుమ మరకలు (స్కాల్డ్ అంటారు) మీకు రాలేదు కాబట్టి దాని గురించి ఎక్కువ రాయను. తొక్కలోని మైనంలో పుట్టే ఆల్ఫా-ఫార్నసీన్ అనే పదార్థం గాలి తగిలి చెడితే అది వస్తుంది. దానికోసం బేరికాయకు ఇథాక్సీక్విన్ అనే మందు వాడేవారు. ఐరోపాలో 2011లో దానికి అనుమతి పోయింది. ఇప్పుడు ఆ పని కూడా చాలాచోట్ల వన్-ఎంసీపీ చేస్తోంది. ఆ రకంగా మీ 65 పెట్టెలకు అది మేలు కూడా చేసింది.

జ్యూసు బండ్ల సంగతి. లోపల రంగు మారినంత మాత్రాన విషం కాదు, రుచి ఉండదు, అంతే. నీలిబూజు పట్టిన కాయ మాత్రం వద్దే వద్దు. ఆ బూజు పాట్యులిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. యాపిల్ రసంలో దానికి కిలోకు 50 మైక్రోగ్రాములు మించరాదని అంతర్జాతీయ ఆహార ప్రమాణం ఉంది. బూజు ముక్క కోసి పారేసి మిగతాది మిక్సీలో వేస్తే ఆ విషం పోదు.

---

అమోనియా_మేస్త్రి (జనవరి 5, మధ్యాహ్నం 2:20)

చిత్తూరులో 28 ఏళ్లు కోల్డ్ స్టోరేజీ నడిపాను. ఎక్కువగా చింతపండు, మధ్యలో కొన్నేళ్లు పండ్లు. మందుల సంగతి పైన మేడంగారో సారో చక్కగా రాశారు. నేను గది గురించి చెబుతాను, మీ రోగం సగం అక్కడే ఉంది.

4 డిగ్రీలు అని రాశారు. ఎక్కడి 4 డిగ్రీలు? తలుపు పక్కన గోడకున్న డబ్బా చూపించేదా? అది గాలి వేడి. పెట్టె మధ్యలో ఉన్న కాయ ఎంత ఉందో ఎప్పుడైనా చూశారా? ఒక కాయకు తొడిమ పక్కనుంచి థర్మామీటరు సూది గుచ్చి పది నిమిషాలు ఆగి చూడండి. తర్వాత మాట్లాడదాం.

ఒకవేళ నిజంగా 4 ఉన్నా అది బేరికాయ గది కాదు. చింతపండుకు సరిపోతుంది. దీన్ని దాచేది మైనస్ 1కీ సున్నాకీ మధ్య, గాలిలో తేమ 90 నుంచి 95 శాతం. ఆ చలిలో కూడా మామూలు బగ్గుగోషా మూడు నెలలు నిలిస్తే గొప్ప. మీరు 4లో పెట్టి నవంబరు దాకా ఆశపడ్డారు. ఐదారు నెలలు కావాలంటే గదిలో గాలినే మార్చాలి, ఆక్సిజన్‌ను ఒకటి రెండు శాతానికి దించాలి. ఆ యంత్రాలు మన అద్దె గదుల్లో ఉండవు.

అయితే ఇది చదివి మీ గదిని రేపే మైనస్ 1కి తిప్పకండి, దండం పెడతాను. బేరికాయ మైనస్ ఒకటిన్నర, రెండు దగ్గర గడ్డకడుతుంది. మీ థర్మోస్టాట్ రెండు డిగ్రీలు అటూ ఇటూ ఊగే రకమైతే చల్లగాలి నేరుగా తగిలే పై వరుస పెట్టెలు ఒక్క రాత్రిలో గాజు ముక్కల్లా అయి, కరిగాక నీళ్లు కారతాయి. ఊగని గదికి మైనస్ 1, ఊగే గదికి సున్నా పైన.

లారీ ప్రయాణం ఆరు రోజులన్నారు. మామూలు లారీయే కదా? తోటలో వేడిగా కోసిన కాయ చల్లబడటానికి రోజులు ఆలస్యమైతే చివర్లో వారాల లెక్కన ఆయుష్షు తగ్గుతుంది. మీ మామూలు లాటు మీ దగ్గరికి వచ్చేసరికే సగం వయసు గడిపేసింది. పైగా పక్కన యాపిల్, గోడకు అవతల అరటి ఛాంబర్. రెండూ ఇథిలీన్ వదిలేవే. ఛాంబర్ తలుపు తెరిచినప్పుడల్లా మీ బేరికాయలకు కబురు అందుతుంది.

తూకం వేశారా? దించిన రోజు తూకం, ఇప్పటి తూకం రాయండి. ఐదారు శాతం పోయిందంటే మెడ ముడతలకు కారణం అదే. గాలి పొడిగా ఉంది.

నీళ్లలో ముంచే పని మాత్రం ఇప్పుడు చేయకండి. తొడిమ దగ్గర తడి నిలిచిన కాయలను మళ్లీ పెట్టెలో పెడితే నీలిబూజు పండగ చేసుకుంటుంది.

---

పండ్లమండీ_తిరుపతి (జనవరి 6, రాత్రి 9:45)

ఇద్దరికీ నమస్కారాలు. ఈ రోజు మధ్యాహ్నం గదికి వెళ్లి కూర్చున్నాను, నా లెక్కలు ఇవి.

గోడ డబ్బా 4 చూపిస్తోంది. కింది వరుస మధ్య పెట్టెలో కాయకు సూది గుచ్చితే 6.5. తలుపు దగ్గరి పెట్టెలో 7. మేస్త్రిగారూ, మీరు తిట్టకముందే నేనే తిట్టుకున్నాను. పెట్టెలను గోడకు ఆనించి, మధ్యలో చేయి కూడా దూరకుండా పేర్పించింది నేనే. స్థలం కలిసొస్తుందని.

తూకం: ఆగస్టులో పది కిలోలు ఉన్న పెట్టె ఇప్పుడు 9 కిలోల 400. సరిగ్గా ఆరు శాతం.

మామూలు లాటులో మిగిలినవాటిలో ఎనిమిది కాయలు నిలువుగా కోశాను. గుల్లలు లేవు. గింజల గది చుట్టూ తడిగా, వేలు పెడితే దిగిపోయేలా ఉంది. వాసన కాస్త పులిసిన కల్లులా ఉంది. ప్లాస్టిక్ సంచుల మూతులు మడిచి మాత్రమే ఉన్నాయి, కట్టలేదు. అంటే ముసలితనమేనా?

ఏజెంటును మోతాదు అడిగాను. "అందరికీ పెట్టినట్టే పెట్టారు" అన్నాడు. అందరికీ అంటే ఎవరికి అని అడిగితే, ఆ గదిలో ఆ రోజు యాపిలే ఎక్కువ ఉందట.

65 పెట్టెలు 15 డిగ్రీల్లో ఎక్కడ పెట్టాలో తోచలేదు. చివరికి అంగడి వెనుక నా ఆఫీసు గది ఖాళీ చేయించాను. ఏసీ 16కి పెట్టాను, అంతకంటే కిందికి దిగదు. తడి గోనెపట్టాలు నేల మీద పరిచాను. నేను లెక్కల పుస్తకాలతో వసారాలో కూర్చున్నాను. మా ఆవిడ వచ్చి చూసి, పెళ్లయిన పదిహేనేళ్లలో తన గదికి ఏసీ అడిగితే కరెంటు బిల్లు గుర్తుచేసిన మనిషిని బేరికాయలు మార్చాయని అంది.

---

కొర్లగుంట_గృహిణి (జనవరి 7, ఉదయం 11:05)

నేను వ్యాపారిని కాను, కొనే మనిషిని. మీ అంగట్లో కొన్నానో మరెక్కడ కొన్నానో గుర్తులేదు కానీ డిసెంబరు చివర్లో ఆ రాళ్లు నేనూ నాలుగు తెచ్చాను. ఇంట్లో మామిడికి చేసినట్టు బియ్యం డబ్బాలో పెట్టాను. అందులోనే మాగిన అరటిపండు కూడా పెట్టాను, దాని గాలికి మాగుతాయని మా అత్తగారు చెప్పారు. ఐదో రోజుకు అరటిపండు నల్లబడి బియ్యానికి అంటుకుంది. బేరికాయ ఉలకలేదు, పలకలేదు. సీటు మీద కండువా సంగతి చదివాక ఇప్పుడు అర్థమైంది. అత్తగారికి కూడా చదివి వినిపించాను, తన పద్ధతిలో తప్పు లేదని తేలినందుకు ఆమె సంతోషించారు.

చివరికి తురిమి, పచ్చిమిర్చి, ఆవాల పోపు వేసి పెరుగు పచ్చడి చేశాను. దోసకాయ పచ్చడి అనుకుని అందరూ తిన్నారు.

ఒక మాట మాత్రం చెప్పాలి. మాగినా మాగకపోయినా కాయ అడుగు నొక్కి చూసే అలవాటు మీ కుర్రవాళ్లు మానాలి. నొక్కిన చోటల్లా మర్నాటికి నల్లగా అవుతుంది.

---

తోటబడి_చంద్రగిరి (జనవరి 7, రాత్రి 8:15)

గృహిణిగారు చెప్పిన దాంట్లో వ్యాపారికి పనికొచ్చే విషయం ఉంది. బేరికాయ లోపలి నుంచి బయటికి మాగుతుంది. పొట్ట దగ్గర మెత్తగా తగిలేసరికి గింజల దగ్గర దాటిపోయి ఉంటుంది. నొక్కవలసింది తొడిమ పక్కన మెడ మీద, బొటనవేలితో, మెల్లగా. అక్కడ వేలికి లొంగితే ఆ రోజే అమ్మండి. రంగును నమ్మకండి.

మండీగారూ, అవును, అది ముసలితనమే. కాయలు 6.5 డిగ్రీల్లో ఉన్నాయంటే నవంబరు దాకా ఆగడమే ఎక్కువ. అదే వేడిలో, అవే నెలలు, గ్యాస్ గది లాటు పచ్చిగా నిలబడింది చూశారా? వన్-ఎంసీపీ బలం ఎంతో అక్కడే తెలుస్తోంది. మీ గది చేసిన తప్పును అది కప్పిపుచ్చింది. అదే బలం ఇప్పుడు మీకు అడ్డం.

ఏసీ గదిలో రోజూ పది కాయలు మెడ నొక్కి లెక్క రాయండి. ఒకేసారి మాగుతాయని ఆశించకండి. ఒకే పెట్టెలో ఒకటి నేడు, ఒకటి వారం తర్వాత కదులుతుంది. మధ్యమధ్య తలుపు తీసి గాలి మారనివ్వండి.

---

పండ్లమండీ_తిరుపతి (జనవరి 29, రాత్రి 10:30)

ఆలస్యానికి మన్నించండి, రథసప్తమి రద్దీ. ఏమైందో చెబుతాను.

మొదటి వారం ఏమీ లేదు. ఎనిమిదో రోజు పదిలో ఒక కాయ మెడ దగ్గర బొటనవేలికి లొంగినట్టు అనిపించింది. నమ్మకం కలగక మా అబ్బాయి చేత నొక్కించాను. పదో రోజుకు నాలుగు. సంక్రాంతి ఎలాగూ పోయింది. పద్నాలుగో రోజున ఏసీని 20కి మార్చాను. అక్కడి నుంచి త్వరగా కదిలింది, ఆకుపచ్చలోంచి నిమ్మపండు రంగు తేలింది. ఒక సాయంత్రం గది తలుపు తీస్తే సన్నగా వాసన వచ్చింది. ఐదు నెలల్లో ఆ సరుకు దగ్గర పండు వాసన రావడం అదే మొదలు.

65 పెట్టెలను ఏరి చూస్తే 38 మంచి సరుకు అయింది. రథసప్తమికి రెండు రోజుల ముందు నుంచి అమ్మాను. 14 పెట్టెలు కలగలుపు, సగం దోరగా, సగం మెత్తగా. అవి రోజూ ఏరి చిల్లరగా అమ్ముతున్నాను. 13 పెట్టెలు పనికిరాలేదు. వాటిలో తొక్క బాగా ముడుచుకున్నవి ఎక్కువ, బూజు పట్టినవి కొన్ని. బూజువి పాతిపెట్టించాను. ఒక జ్యూసు బండి అతను తక్కువ ధరకు అడిగాడు, ఇవ్వలేదు.

రుచి నిజాయితీగా చెప్పాలంటే తీపి ఉంది, రసం ఉంది, సువాసన మాత్రం సెప్టెంబరులో అమ్మిన మామూలు కాయకు సాటి రాదు. తూకంరాయి పక్కన కాయ పెట్టిన పెద్దమనిషి మొన్న మళ్లీ వచ్చాడు. ఒకటి కోసి ఇచ్చాను. తిన్నాడు, చేయి కడుక్కున్నాడు, రెండు కిలోలు తీసుకున్నాడు. ఏమీ అనలేదు.

ఏసీ కరెంటు, కూలీలు, పారేసినవి కలిపితే ఈ సరుకు మీద నష్టమే, అయితే భయపడినంత కాదు. వచ్చే ఆగస్టులో మామూలు సరుకు దసరాకు అమ్ముడయ్యేంతే కొంటాను. గ్యాస్ గది సరుకు కొంటే కోసిన తేదీ, గదిలో పెట్టిన తేదీ, మోతాదు కాగితం మీద రాసిస్తేనే కొంటాను. ఒక పెట్టె అక్టోబరులోనే బయటికి తీసి మాగుతుందో లేదో చూసుకుంటాను. డిసెంబరు దాకా ఒక్క కాయ కూడా పరీక్షించకపోవడం నా తెలివితక్కువతనం. అరటి ఛాంబర్ పక్క గది ఖాళీ చేస్తున్నాను, ఇంకోచోట చూస్తున్నాను.

మేస్త్రిగారూ, కొత్త గదికి ఎలాంటి థర్మోస్టాట్ పెట్టించమంటారు?

---

అమోనియా_మేస్త్రి (జనవరి 30, ఉదయం 5:50)

అర డిగ్రీకి మించి ఊగనిది, కనీసం రెండు సూదులున్నది. ఒక సూది చల్లగాలి వచ్చే చోట, ఒకటి కింది వరుస మధ్య పెట్టెలో కాయ లోపల. గోడకు జానెడు, పెట్టెల వరుసల మధ్య నాలుగు వేళ్లు ఖాళీ వదలండి. గది తీసుకునే ముందు ఒకసారి ఫోను చేస్తే వచ్చి చూస్తాను, బేరికాయ ఒకటి పెడితే చాలు.